ఒళ్ళంతా నీరు, నరాల్లో కరువు

శ్రావణ శుక్రవారం. రేపల్లెలో మా గాజుల కొట్టు ముందు ఆడవాళ్ళు కిటకిటలాడుతున్నారు. వరలక్ష్మీ వ్రతానికి గాజులు వేయించుకునే రోజులు, నాకు తలెత్తే తీరిక ఉండదు. గాజులు వేసేవాళ్ళకి ఒక అలవాటుంటుందండి. ముందు ఎదుటివాళ్ళ చెయ్యి పట్టుకుని బొటనవేలి మొదట్లో కండ నొక్కి చూస్తాం. మెత్తటి చెయ్యా, ఎముక చెయ్యా, ఏ సైజు గాజు పగలకుండా ఎక్కుతుంది అన్నది ఆ నొక్కుడులోనే తెలిసిపోతుంది. టేపు పెట్టి కొలిచే పని లేదు.

ఆ రోజు నిజాంపట్నం నుంచి వచ్చిన ఒకావిడకి గాజులు వేస్తుంటే నా చూపు నా చేతి మీదే పడింది. నాది టూ ఫోర్ చెయ్యి, అంటే చిన్న చెయ్యి. ఎప్పుడూ మోచేతి దాకా జారే నా గాజులు మణికట్టు దగ్గర బిగుసుకుపోయి ఉన్నాయి. పైకి జరిపితే కింద ఎర్రగా గాడి. ఊరికే అక్కడ వేలితో నొక్కాను. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. ఎన్ని వేల చేతులు నొక్కానో నాకే తెలీదు, ఒక్క చెయ్యీ అలా చెయ్యలేదు. కంగారు పడ్డానా అంటే లేదు. తర్వాతి చెయ్యి పట్టుకున్నాను. గిరాకీ టైము కదా.

తర్వాత పొద్దున్నే లేస్తే కళ్ళు సరిగ్గా తెరుచుకునేవి కావు, రెప్పలు ఉబ్బి ఉండేవి. మధ్యాహ్నానికి ఆ ఉబ్బు తగ్గి కాళ్ళలోకి దిగేది. బాత్రూంలో మూత్రం మీద నురగ, ఎన్ని నీళ్ళు కొట్టినా పోయేది కాదు. ఇవన్నీ చూస్తూనే ఉన్నాను. కొట్టుకొచ్చేవాళ్ళు, "షమీమక్కా, ఒళ్ళు చేశావే! మీ ఆయన బిర్యానీ బాగా తినిపిస్తున్నాడా ఏంటి?" అని వేళాకోళం ఆడేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ముప్పై దాటాక ఆడమనిషి ఒళ్ళు చెయ్యడం వింతేం కాదు కదా.

చెప్పులు పట్టని రోజు మాత్రం మా ఆయన ఊరుకోలేదు. వీధి చివరున్న ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన చూసి, "నీరు పట్టిందమ్మా, ఏం లేదు. నీరు తీసే బిళ్ళ రాస్తాను, ఉప్పు తగ్గించు" అన్నాడు. టెస్టులేమీ రాయలేదు. బిళ్ళ వేసుకున్న పూటంతా మూత్రం బాగా వచ్చింది, కాళ్ళు తేలికయ్యాయి. మానేస్తే రెండో రోజుకి మళ్ళీ మామూలే. దాంతో ఆ బిళ్ళ మానలేదు.

శ్రావణం పోయింది, రంజాన్ నెల వచ్చింది. మా ఆయన, "కొట్టు నేను చూసుకుంటాలే, ఈ నెల మీ అమ్మ దగ్గర ఉండి రెస్టు తీసుకో" అని బాపట్ల పంపించాడు. ఆయన చేతిలో గాజులు సగం పగిలిపోతాయని తెలిసినా వెళ్ళాను. నిలబడే ఓపిక లేదు.

ఇప్పుడు మా అమ్మ గురించి చెప్పాలి. మా నాన్న గుండె జబ్బుతో పోయాడు. చివర్లో ఆయన కాళ్ళు స్తంభాల్లా ఉబ్బితే డాక్టరు నీళ్ళకి కొలత పెట్టాడు, అంతకు మించి చుక్క ఇవ్వొద్దన్నాడు. నాన్న అడుగుతున్నా ఇవ్వకుండా గుండె రాయి చేసుకుని కాపలా కాసింది అమ్మే. ఒళ్ళు ఉబ్బితే నీళ్ళు తాగకూడదు అన్నది ఆమె పుస్తకంలో చదివింది కాదు, మంచం పక్కన కూర్చుని నేర్చుకుంది. గడపలో నన్ను చూడగానే నా కాళ్ళ వంకే చూసింది. "ఒంట్లో ఇన్ని నీళ్ళు పెట్టుకుని ఇంకా నీళ్ళు తాగుతున్నావా?" అంది.

రోగం ఉన్నవాళ్ళకి రంజాన్ ఒక్కపొద్దు మాఫీ అని మాకు తెలుసు. పక్కింటి చాచీ ఆ మాటే అంది కూడా. అమ్మ ఒప్పుకోలేదు. "ఇది రోగం కాదు, నీరు. నీరు పట్టిన ఒంటికి ఒక్కపొద్దుని మించిన మందుందా?" అంది. నాకూ సబబుగానే అనిపించింది. పగలంతా నీళ్ళు లేకపోతే ఒంట్లో ఉన్నదే ఆరిపోతుంది, పుణ్యమూ దక్కుతుంది. తెల్లవారకముందే సహరీకి అన్నం తిని, నీరు తీసే బిళ్ళ వేసుకుని, ఒక్కపొద్దు పట్టేదాన్ని.

మొదట్లో పని చేసినట్టే కనిపించింది. కాళ్ళు తగ్గాయి. సాయంత్రం అమ్మ నా పిక్క నొక్కి చూసి మురిసిపోయేది. వీధిలో అందరికీ చెప్పింది. ఇఫ్తార్‌కి కూడా ఖర్జూరంతో పాటు రెండు గుక్కలు పోసి గ్లాసు తీసేసేది. "చాలమ్మా, మళ్ళీ ఉబ్బుతావు" అనేది. నీళ్ళ బిందె తన మంచం కింద పెట్టుకుంది. నాలుక పిడచకట్టుకుపోయేది. పాదాల్లో మళ్ళీ నీళ్ళు చేరుతున్నాయి, నోట్లో మాత్రం తడి లేదు. మూత్రం రావడం తగ్గిపోయింది. తాగందే ఎక్కణ్ణుంచి వస్తుందిలే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం నమాజు చేసి లేవబోతే కళ్ళు బైర్లు కమ్మాయి. పడ్డానని తెలుసు, దెబ్బ తగిలినట్టు తెలీదు. చేతులు మంచు ముక్కల్లా ఉన్నాయని తర్వాత చెప్పారు. అమ్మ నీళ్ళు తెచ్చింది. ముఖం మీద చల్లింది. నోట్లో పొయ్యలేదు, ఒక్కపొద్దు పోతుందని.

ఆటోలో బాపట్లలోనే ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళారు. బీపీ అందడం లేదన్నారు. సెలైన్ పెట్టారు. ఒక సీసా అయ్యాక బీపీ కాస్త లేచి, కాసేపటికి మళ్ళీ పడిపోయింది. ఇంకో సీసా, ఇంకోటి. ఎక్కించినదంతా ముఖంలోకి, కాళ్ళలోకి పోయింది. కళ్ళు మూసుకుపోయాయి. పడుకుంటే ఆయాసం. అక్కడి డాక్టరు కుర్రవాడు, పాపం నిజం చెప్పాడు. "నీళ్ళు ఎక్కిస్తుంటే ఒళ్ళు ఉబ్బుతోంది గానీ బీపీ నిలబడట్లేదండి. తెనాలి తీసుకెళ్ళండి, ఆలస్యం చెయ్యొద్దు" అన్నాడు. కారు మాట్లాడి పొన్నూరు మీదుగా తెనాలి తీసుకెళ్ళారు. దారంతా అమ్మ దువా చదువుతూనే ఉంది. నాకు భయం వేయలేదు. కొట్టులో మెటల్ గాజులు అయిపోయాయి, తెప్పించాలి అనుకుంటూ వెళ్ళాను. మనిషి మొద్దుబారిపోతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. బాధ లేకపోవడం కూడా ఒక జబ్బే.

తెనాలిలో డాక్టరు పెద్దాయన. తక్కువ మాట్లాడతాడు. బొటనవేలితో నా పిక్క నొక్కి పట్టుకుని, "మూత్రం ఎప్పుడొచ్చిందమ్మా?" అని అడిగాడు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మూత్రానికి గొట్టం వేశారు. సంచిలో చిక్కటి రంగులో నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. ఆ నాలుగు చుక్కలే గాజు గొట్టంలో పోసి మంట మీద వేడి చేయించాడు. మా ఆయన అప్పటికి రేపల్లె నుంచి రైల్లో వచ్చేశాడు. డాక్టరు ఆ గొట్టం ఆయన కళ్ళ ముందు పెట్టాడు. లోపల తెల్లగా, ఉడికిన గుడ్డు తెల్లసొనలా గట్టిపడి ఉంది.

"ఇది ఆల్బుమిన్. ఈవిడ రక్తంలో ఉండాల్సింది. కిడ్నీ జల్లెడలోంచి కారిపోతోంది. దీన్ని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు" అన్నాడు.

మా ఆయన, "మరి నీరెందుకు పట్టిందండి? నీరు పట్టిన మనిషికి నీళ్ళు చాలక బీపీ పడిపోవడం ఏంటండి?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఆయన అడగకపోతే నేనివాళ ఇది రాసేదాన్ని కాదు.

"నీళ్ళు ఒంట్లో ఉన్నాయి, రక్తనాళాల్లో లేవు. రెండూ ఒకటి కాదు" అన్నాడు డాక్టరు. అమ్మ వైపు తిరిగి చెప్పాడు. "పల్చటి గుడ్డలో ఉప్పునీళ్ళు పోస్తే ఏమవుతుందమ్మా? కారిపోతాయి. గంజి పోస్తే? కొంత నిలబడుతుంది. రక్తంలో ఆ గంజి పని చేసేది ఆల్బుమిన్. నీళ్ళని నాళంలో పట్టి ఉంచుతుంది. అలా పట్టి ఉంచేవాటిని కొల్లాయిడ్స్ అంటాం. ఈవిడకి నాలుగు ఉండాల్సింది ఒకటిన్నరకి పడిపోయింది. ఇక సెలైన్ ఎంత పోసినా కండలోకి కారిపోవడమే. పైకి కాళ్ళు ఉబ్బుతాయి, లోపల నాళాలు ఎండుతాయి. ఆ ఎండిన మనిషికి నీరు తీసే బిళ్ళ వేసి, తాగడానికి నీళ్ళు లేకుండా చేశారు. కిడ్నీకి రక్తం చాలక అది పని ఆపేసింది."

నేను అమ్మ ముఖం చూడాలనుకున్నాను, కళ్ళు తెరుచుకోలేదు.

ఆల్బుమిన్ తెనాలిలో దొరకలేదు, గుంటూరు మనిషిని పంపారు. అది వచ్చేదాకా బీపీ పడిపోకుండా వేరే కొల్లాయిడ్ సీసా ఒకటి పెట్టారు, అది ఆల్బుమిన్ కాదు, జెలటిన్‌తో చేసిందట. మా ఆయనతో డాక్టరు బయట మాట్లాడాడు గానీ తలుపు తీసే ఉంది. "కిడ్నీ తిరిగి అందుకుంటే సరి. గుంటూరు నుంచి కిడ్నీ డాక్టరు రేపు మా దగ్గరికి వస్తారు. ఆయన వచ్చేలోపు మూత్రం మొదలవ్వకపోతే ఆయన వెంటే పంపిస్తాం, డయాలసిస్ పెట్టాల్సి ఉంటుంది. అది ఎన్నాళ్ళు అన్నది నేను చెప్పలేను" అన్నాడు. మా వీధిలో ఒకాయన డయాలసిస్‌కి తిరిగి తిరిగి చనిపోయాడు. అది నాకూ తెలుసు, మా ఆయనకీ తెలుసు. అప్పట్నుంచి అందరి చూపూ మంచానికి వేలాడే ఆ సంచి మీదే.

గుంటూరు సీసా వచ్చింది. చిన్న గాజు సీసా, తేనె రంగు. ఇంత చిన్నదా అన్నాడు మా ఆయన. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే నర్సు లాక్కుంది. "ఊపకండన్నయ్యా, నురగొస్తుంది" అంది. సన్నగా ఎక్కించారు. అది అయ్యాక నరానికి ఒక ఇంజెక్షన్, నీరు తీసే మందే. నేను అదిరిపడ్డాను. డాక్టరు, "ఇప్పుడు నాళంలోకి నీళ్ళు వెనక్కొచ్చాయి, ఇప్పుడిస్తే కిడ్నీ బయటికి పంపుతుంది. అప్పుడు ఎండిన నాళంలోంచి లాగారు. మందు అదే, వేళ వేరు" అన్నాడు.

మూత్రం రాలేదు.

ఆ సాయంత్రం ఇఫ్తార్ వేళకి అమ్మ నీళ్ళు ముట్టలేదు. ఖర్జూరం చేతిలో పట్టుకుని కూర్చుంది. మా ఆయన బతిమాలాడు. "దానికి మూత్రం వచ్చాకే నాకు నీళ్ళు" అంది. ఆమెకి షుగరుంది. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుకి నర్సు ఈ సంగతి చేరేసింది. ఆయనకి కోపమొచ్చింది. "ఏమ్మా, ఇంట్లో ఒకరు ఎండిపోయింది చాల్లేదా? మీరూ పడిపోతే పడుకోబెట్టడానికి మంచం లేదిక్కడ. తాగండి" అన్నాడు. ఆయన నిలబడి ఉండగా తాగింది, మందు తాగినట్టు. నాకు ఆమె మీద కోపం రాలేదు. జాలీ రాలేదు. ఫ్యాను తిరిగే చప్పుడు వింటూ పడుకున్నాను.

తెల్లవారాక రెండో సీసా పెట్టారు. అది సగం అయిన తర్వాత నర్సు వంగి సంచి చూసింది. లేచి మళ్ళీ వంగి చూసింది. "వస్తోందండి" అంది మామూలుగా, పాలవాడు వస్తున్నాడన్నట్టు. మా ఆయన బయటికెళ్ళిపోయాడు. వరండాలో గోడకి తిరిగి ఏడుస్తున్నాడని నర్సు చెప్పింది. కిడ్నీ డాక్టరు వచ్చేసరికి సంచిలో చూపించడానికి కాస్త ఉంది. ఆయన సంచి ఎత్తి చూసి, "ప్రస్తుతానికి డయాలసిస్ అక్కర్లేదు" అన్నాడు. బతికానన్న మాట. నాకేమీ అనిపించలేదు. దాహంగా ఉందని మాత్రం తెలిసింది.

"కొంచెం కొంచెంగా నీళ్ళు పట్టండి" అన్నారు. అమ్మ గ్లాసు తీసుకుంది. మంచం దాకా తెచ్చింది. అక్కడ ఆగిపోయింది. చెయ్యి ముందుకి రాలేదు. గ్లాసు ఒరిగి నీళ్ళు నా దుప్పటి మీద పడ్డాయి గానీ నా నోటి దాకా రాలేదు. చివరికి నర్సే ఆమె చేతిలోంచి తీసుకుని తాగించింది.

ఆల్బుమిన్ సీసాలతో జబ్బు తగ్గదట, అది కూడా మళ్ళీ మూత్రంలో పోయేదే. "చిల్లు కుండలో నీళ్ళు పొయ్యడం అది. చిల్లు మూసేది స్టెరాయిడ్" అన్నాడు కిడ్నీ డాక్టరు. గుంటూరు తీసుకెళ్ళి బయాప్సీ చేశారు. మినిమల్ చేంజ్ అని వచ్చింది. పేరు చిన్నదే, ఉన్నవాటిలో మంచి రకం అన్నారు. ప్రెడ్నిసోలోన్ అనే ఆ స్టెరాయిడ్ మొదలుపెట్టారు. వారాలు గడిచాక ఒంట్లో నీరు దిగింది. దిగాక చూస్తే చేతులు పుల్లల్లా ఉన్నాయి, ముఖం మాత్రం స్టెరాయిడ్‌తో పూర్ణంబూరెలా అయింది. ఆకలి ఆగేది కాదు. నిద్ర పట్టేది కాదు. కిడ్నీ ఎలా పని చేస్తోందో చెప్పే క్రియాటినిన్ మామూలుకొచ్చింది.

అందరూ పండగ చేసుకున్నారు. నేను మాత్రం ఎవరో చెప్పిన కథ విన్నట్టు విన్నాను. కొట్టులో కూర్చునేదాన్ని, చేతులు నొక్కేదాన్ని, గాజులు ఎక్కించేదాన్ని. మాట వచ్చేది కాదు. ఒకరోజు మా ఆయన, "నువ్వు నన్ను తిట్టి ఎన్నాళ్ళయిందే?" అన్నాడు. మంచి మొగుడు, తిట్లు లేవని దిగులు పెట్టుకున్నాడు. ఆ మాట కిడ్నీ డాక్టరుకి చెబితే, "స్టెరాయిడ్‌కి మనసు కూడా అలా అవుతుందమ్మా. చావు అంచుదాకా వెళ్ళొచ్చినా అవుతుంది. మందు నువ్వంతట నువ్వు ఆపకు, నాకు చెప్పు" అన్నాడు.

మందు తగ్గిస్తుంటే జబ్బు తిరగబెట్టింది. ఒక జలుబు, జ్వరం, వెంటనే కళ్ళు ఉబ్బాయి. మళ్ళీ మొదటి డోసు. ఆ తర్వాత ఇంకోసారి. ఆ రెండుసార్లూ ఆసుపత్రిలో పడుకోవాల్సిన పని రాలేదు, ఎందుకంటే మూత్రంలో స్ట్రిప్ ముంచి చూసుకోవడం నేర్పారు. రంగు మారితే ఫోన్ చేస్తాను. ఉబ్బు కనిపించేదాకా ఆగను. ఉప్పు తగ్గించాను, నీళ్ళు మాత్రం డాక్టరు చెప్పినన్ని తాగుతాను.

ఇప్పుడు చాలా కాలంగా స్ట్రిప్ రంగు మారలేదు. మందు చిన్న డోసు మీద ఉంది. కొట్టు నడుస్తోంది. మా ఆయన్ని తిడుతున్నాను కూడా, ఆయన సంతోషంగానే ఉన్నాడు. రంజాన్‌లో ఒక్కపొద్దులు పట్టను. పట్టలేకపోయిన రోజులకి పేదవాళ్ళకి అన్నం పెడతాను, మా మౌల్వీగారు అది చాలన్నారు.

అమ్మ బాపట్లలోనే ఉంది, ఒక్కపొద్దులన్నీ ఉంటుంది. ఆసుపత్రి గురించి మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. తప్పయిపోయిందని ఆమె అనలేదు, నేను అనిపించలేదు. కానీ రంజాన్ నెలలో రోజూ మధ్యాహ్నం, నమాజు అయ్యాక, కొట్టుకి ఫోన్ చేస్తుంది. ఒక్కపొద్దుతో గొంతు ఎండిపోయి ఉంటుంది. "నీళ్ళు తాగావా?" అంటుంది.

"తాగానమ్మా."

"ఇప్పుడు తాగు. నేను వింటాను."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని తాగుతాను. గుటక వినిపించేదాకా ఉండి పెట్టేస్తుంది. ఆసుపత్రిలో అన్నాళ్ళు రాని ఏడుపు మొట్టమొదటిసారి ఆ ఫోన్ పెట్టేశాకే వచ్చింది. ఎదురుగా చెయ్యి చాపి కూర్చున్న ఆవిడ కంగారు పడింది. ఇప్పుడూ ఒక్కోరోజు వస్తుంది. రానిస్తాను.

నేను చెప్పేది ఒక్కటే. పొద్దున్నే కళ్ళు ఉబ్బుతున్నా, కాలు నొక్కితే గుంట పడుతున్నా, ఆ మనిషికి నీళ్ళు ఇవ్వాలా ఆపాలా, బిళ్ళ వెయ్యాలా అన్నది ఇంట్లో తేల్చకండి. ఒకరికి పనికొచ్చింది ఇంకొకరి ప్రాణం తీస్తుంది, పైకి రెండు ఉబ్బులూ ఒకేలా కనిపిస్తాయి. ముందు మూత్రం టెస్టు చేయించండి, చిన్న పని. అది చేయించి ఉంటే మా అమ్మ బిందె తన మంచం కింద పెట్టుకునేది కాదు. నేను ఎప్పుడో కోలుకున్నాను, ఆమె ఇంకా కోలుకోలేదు.